అభ్యంగనానికి ముందు సాయంత్రం

ధూల్‌పేట్‌లో వినాయకులు చేసే మా కార్ఖానాలో ఒక నియమం ఉండేది. విగ్రహానికి కళ్ళు చివర్న దిద్దాలి. రంగులన్నీ ఆరి, కిరీటానికి బంగారు పూత పట్టి, ఎలుక తోక దాకా పని ముగిశాకే మా బాపు సన్న కుంచె చేతిలోకి తీసుకునేవాడు. కళ్ళు చివర్న దిద్దడం అన్ని కార్ఖానాల్లోనూ ఉన్నదే. ఆ తర్వాతిదే మా బాపు ఒక్కడి పట్టింపు. కళ్ళు దిద్దాక ఇక ఆ విగ్రహాన్ని తాకేవాడు కాదు. చెవి వెనక రంగు అంటలేదని కొనేవాళ్ళు చూపిస్తే మా అన్నను పిలిచేవాడు. బండిలోకి ఎత్తేటప్పుడు కూడా దూరంగా నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని చూసేవాడు. చేసినవాడి హక్కు అక్కడితో అయిపోతుందని ఆయన నమ్మకం. పక్క కార్ఖానాల వాళ్ళు నవ్వుకునేవారు.

నేను లెక్కలు నేర్చుకున్నది అక్కడే. బడి ఏడో తరగతితో ఆగిపోయింది. కానీ విగ్రహం ఎత్తు చెబితే పీట ఎంత వెడల్పు ఉండాలో, కొబ్బరి పీచు ఎంత పడుతుందో, ప్లాస్టర్ ఎన్ని బస్తాలు కావాలో, ఏ గల్లీలో కరెంటు తీగల కింద నుంచి అది పోతుందో, ఎక్కడ పోదో మనసులోనే కట్టేదాన్ని. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ముందుకు ఒరిగిన విగ్రహాలు నేర్పాయి. బాపు పనిలోంచి తల ఎత్తకుండా ఎంత అని అడిగేవాడు, నేను చెప్పేదాన్ని. అది సరిపోయిన రోజు నా పక్క నుంచి పోతూ నెత్తి మీద చెయ్యి పెట్టి పోయేవాడు. జుట్టులో ప్లాస్టర్ పొడి తెల్లగా మిగిలేది. అమ్మ తిట్టేది, తలస్నానం చేసిన రోజైతే మరీను.

పెళ్ళి నా ఇష్టంతో జరిగింది. మా ఆయన వాళ్ళది గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి మలక్‌పేటలో స్థిరపడిన కుటుంబం, తరాలుగా కతోలికులు. పెళ్ళికి ముందు నేను జ్ఞానస్నానం తీసుకున్నాను. ఎవరూ ఒత్తిడి చెయ్యలేదు. అంతకు ముందు ఒక ఏడాది పాటు వాళ్ళ గుడిలో, అంటే చర్చిలో, వెనక బల్లలో కూర్చుని విన్నాను, నాకు ఇష్టమైంది, తీసుకున్నాను. బాపు అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. జ్ఞానస్నానానికీ రాలేదు, పెళ్ళికీ రాలేదు. పాప పుట్టాక మాటలు కలిశాయి. వెళ్తే చాయ్ తెప్పిస్తాడు, మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాడు. అమ్మ పోయిన తర్వాత నేను వెళ్ళడం ఇంకా ఎక్కువైంది. కానీ లెక్క మాత్రం నన్ను మళ్ళీ అడగలేదు. నెత్తి మీద ఆ చెయ్యి కూడా మళ్ళీ పడలేదు. నేను మా ఇంటి దగ్గర ఒక టెంట్ హౌస్‌లో పనికి కుదిరాను. ఏ ఫంక్షన్‌కి ఎన్ని పైపులు, ఎంత గుడ్డ, స్థలంలో ఎన్ని కుర్చీలు పడతాయి అన్నది చూసి చెప్పడం నా పని. ఓనర్ శభాష్ అంటాడు. ఆ శభాష్ వేరు.

ఇదంతా చెప్పకుండా నా భద్రమైన అభ్యంగనం గురించి చెప్పలేను.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మాకు జ్ఞానస్నానం అయ్యాక, తెలివి వచ్చిన వయసులో ఇంకో సంస్కారం ఉంటుంది. మామూలుగా బిషప్ గారే మా విచారణకు, అంటే మా గుడి పరిధికి, వచ్చి ఇస్తారు. చేతులు చాపి పవిత్రాత్మ కోసం ప్రార్థించి, పరిమళం కలిపిన పరిశుద్ధ తైలంతో నుదుటి మీద సిలువ గుర్తు వేస్తారు. దాన్ని భద్రమైన అభ్యంగనం అంటారు. ఒక్కసారే ఇస్తారు. ఆ ముద్ర ఆత్మ మీద పడుతుందని, ఇక చెరగదని మా విశ్వాసం. పెద్దవాళ్ళకు జ్ఞానస్నానంతో పాటే ఇవ్వవచ్చునట కానీ, అప్పటి మా ఫాదర్ గారు బిషప్ గారు వచ్చినప్పుడు చూద్దాంలే అన్నారు. బిషప్ గారు వచ్చే వేళకు నేను ఆసుపత్రిలో, పాప పుట్టే రోజులు. ఆ తర్వాత వచ్చినప్పుడు మా అత్తగారికి ఆపరేషన్. ఆ తర్వాత కూడా ఏదో ఒకటి చెప్పాను. అసలు సంగతి వేరు.

ఆ సంస్కారాన్ని మొదటిసారి చూసినప్పుడు నా చూపు తైలం మీద నిలవలేదు. పిల్లలు వరుసగా నిలబడ్డారు. ఒక్కొక్కరి వెనక ఒక పెద్ద మనిషి. ఆ మనిషి కుడి చెయ్యి పిల్ల కుడి భుజం మీద ఉంది. గుడి నిండా భుజాలు, భుజాల మీద చేతులు. ఆ చోట మా బాపు చెయ్యి ఉండాలని కోరుకున్నాను. ఉండటానికి వీల్లేదని కూడా అప్పుడే తెలుసుకున్నాను. అలా నిలబడేవాళ్ళు ముందే ఈ సంస్కారం పొందినవాళ్ళై ఉండాలి. సరే, బాపు వచ్చి వెనక బల్లలో కూర్చున్నా చాలు అనుకున్నాను. ఆ చాలు అనుకున్నది జరిగే దాకా ఆగుదామని ఆగాను. ఎవరికీ చెప్పలేదు.

ఈ ఏడు మా పాప పదో తరగతి. ఉపదేశి దగ్గర అభ్యంగనం క్లాసులకు వెళ్ళి ఇంటికొచ్చి పవిత్రాత్మ వరాలు వల్లె వేసేది. జ్ఞానం, వివేకం, ఆలోచన, దృఢత్వం, తెలివి, భక్తి, దైవభీతి. ఒక రోజు మా అత్తగారు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అది వింటున్నారు. నాకు పాత అనుమానం ఒకటి ఉంది, అడిగేశాను. జ్ఞానస్నానంతోనే పవిత్రాత్మ వస్తాడు అంటారు కదా. అది నిండుగానే వస్తే మళ్ళీ ఇది దేనికి? ఇది ఇంకేదైనా కలుపుతుంది అంటే మొదటిది తక్కువైనట్టే కదా. రెండూ నిండు అయితే లెక్క కుదరదు.

అత్తగారు చిక్కుడుకాయ విరవడం ఆపలేదు.

"పవిత్రాత్మ వరాల్లో నీకు ఆలోచన మాత్రం అక్కర్లేదమ్మాయ్, అది కావలసినదానికంటే ఎక్కువే ఉంది. నువ్వు అర పుట్టుక పుట్టావా? పూర్తిగానే పుట్టావు. అలాగని పుట్టిన రోజే నిన్ను నిలబెట్టి ఇంటి తరఫున నలుగురిలో మాట్లాడమన్నారా? దానికో రోజు రావాలి, దానికో బలం కావాలి. ఆ రోజు ఇది."

నేను కూడిక చేస్తున్న చోట ఆవిడ కూడిక కాదంటున్నారు. టెంట్ హౌస్ పనిలో ఉన్నదాన్ని కనక నాకు వేరేలా అర్థమైంది. పైపు పాతగానే నిలబడుతుంది. దానికి లోటేమీ లేదు. కానీ గుడ్డ కట్టి, తాళ్ళు బిగించి, గాలి వచ్చిన రోజున అది చెయ్యవలసిన పని వేరే. నిలబడటం ఒకటి, మోయడం ఒకటి.

బిషప్ గారు ఇచ్చిన తేదీ వినాయక చవితికి ముందు ఆదివారం. మనవరాలితో పాటే నువ్వూ తీసుకో, నీ వెనక నేను నిలబడతాను, ఇక సాకులు చెప్పకు అన్నారు అత్తగారు. పాప వెనక మా ఆడపడుచు. నేను సరేనన్నాను. బాపుకు చెప్పడానికి ధూల్‌పేట్ వెళ్ళాను.

వాన పడుతోంది. ప్లాస్టిక్ పట్టాల కింద విగ్రహాలు తడి ఆరక, బాపు చిరాగ్గా ఉన్నాడు. లోపలి వరుసలో రంగులు అయిపోయినవి, కళ్ళు లేనివి, గోడ పొడవునా ఉన్నాయి. నేను మెల్లగా సంగతి చెప్పాను.

"మళ్ల నీళ్లు పోస్తరా?" అన్నాడు బాపు.

నీళ్ళు కాదు, నుదుటికి నూనె అని చెప్పాను.

"మరి మొదటిసారి పోసినయి సాలలేదా? పగుళ్లొచ్చినయా ఏంది?"

వెనక మా అన్న నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. నేను అత్తగారిని అడిగిన ప్రశ్నే ఇది. ఆవిడ చెప్పిన జవాబు నోటి దాకా వచ్చింది కానీ, బాపుకు ఆయన పనితో చెబితే ఇంకా బాగా ఎక్కుతుందనుకున్నాను. గోడ వైపు చూపించాను.

"పగుళ్లు గాదు బాపూ. ఒళ్లంత ఎప్పుడో అయింది. ఇది కండ్లు తెరిచినట్టు."

బాపు అటు తిరిగి ఆ వరుసను చాలాసేపు చూశాడు.

"పెద్దాయన దిద్దుతడా?"

"ఔ."

"దిద్దినంక మళ్ల తుడుసుడు, మళ్ల దిద్దుడు ఉండదా?"

"ఉండదు. ఒక్కసారే. ఇగ పోదు."

గట్లనా అన్నాడు. రమ్మని అడిగాను. గుడి లోపల ఎక్కడ కూర్చున్నా సరే, వెనక కూర్చున్నా సరే అన్నాను. సీజన్ కదా అన్నాడు, రాననలేదు. తిరిగి వస్తూ అఫ్జల్‌గంజ్ దగ్గర ఆటో జామ్‌లో ఇరుక్కుంటే కూడా నాకు విసుగు రాలేదు. నేను కట్టిన పోలిక శేషం లేకుండా భాగించిన లెక్కలా ఉంది. ఎన్నేళ్ళకో బాపుకు నా గుడి అర్థమైందనుకున్నాను.

ముందు రోజు శనివారం మా తల్లీకూతుళ్ళం ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకుని, పాపసంకీర్తనం చేసుకుని సాయంత్రం ఇంటికొచ్చాం. వచ్చేసరికి బాపు మా ఇంట్లో కుర్చీలో ఉన్నాడు. పెళ్ళయ్యాక మా గడప తొక్కడం అదే మొదలు. అన్న బండి మీద దింపి పోయాడట. అత్తగారు చాయ్ ఇచ్చి, అన్నయ్య గారూ అంటూ మోకాళ్ళ నొప్పుల సంగతి మాట్లాడుతున్నారు. బాపు తన మోకాళ్ళ సంగతి చెబుతున్నాడు. ఇద్దరూ ఎన్నాళ్ళ నుంచో ఎరిగినవాళ్ళలా ఉన్నారు. గోడ మీద మా యేసు తిరుహృదయ పటం ఉంది. దాని వైపు చూసి, కండ్లు మంచిగ దిద్దిండ్రు అన్నాడు.

నన్ను చూడగానే లేచి పెరట్లో నల్లా దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. సబ్బు అడిగాడు. గోళ్ళ సందుల్లో ప్లాస్టర్ ఏ సబ్బుకూ పోదు, అది ఆయనకూ తెలుసు. అయినా చాలాసేపు రుద్దాడు. తుడుచుకుని నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"ఇటు రా బిడ్డా."

నెత్తి మీద చెయ్యి పెట్టాడు. చిన్నప్పుడు పోతూ పోతూ పెట్టేవాడు. ఇప్పుడు అలా కాదు, పెట్టి ఉంచాడు. తర్వాత భుజాలు పట్టుకున్నాడు. తర్వాత రెండు చేతులతో మొహం పట్టుకుని, విగ్రహం ఎటైనా వాలిందా అని చూసే చూపుతో ఇటూ అటూ చూశాడు. మంచిగున్నవు అన్నాడు. నేను ఏడ్చేశాను. అత్తగారు వంటింట్లోకి వెళ్ళిపోయారు, పాపను కూడా పిలుచుకుని. తిని వెళ్ళమంటే వినలేదు. రేపు వస్తావు కదా అని గేటు దగ్గర అడిగితే పని ఉందన్నాడు, కానీ నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వును వస్తాడనే లెక్కలో వేసుకున్నాను.

ఆదివారం గుడి నిండిపోతే బయట కూర్చోడానికి మా టెంట్ హౌస్ షామియానాయే వేశాం. లోపల చివరి వరుసలో తలుపు పక్కన ఒక కుర్చీ వేయించి, అందులో ఎవరూ కూర్చోకుండా చూడమని మా ఆయనకు చెప్పాను. పూజ మొదలైంది. సువార్త అయింది. బిషప్ గారి ప్రసంగంలో ఒక మాట నాకు గుర్తుండిపోయింది. ఇది పై తరగతికి పాసైనందుకు ఇచ్చే సర్టిఫికెట్ కాదు, మీరు ఏదో సాధించారని కాదు, ఇకపై బయటికి వెళ్ళి సాక్ష్యంగా బతకాలి గనక దేవుడే ఇస్తున్న బలం అన్నారు. ఆ తర్వాత మా అందరి మీదికి చేతులు చాపారు.

వరుస కదిలింది. నా ముందు పాప. పాప భుజం మీద మా ఆడపడుచు చెయ్యి. నా వంతు రాబోతుండగా ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. తలుపు పక్కన కుర్చీలో ఎవరిదో తడిసిన గొడుగు ఉంది.

అత్తగారి చెయ్యి నా భుజం మీద పడింది. ఎముకలే ఉన్న చెయ్యి. మోకాళ్ళ నొప్పితో అంతసేపు నిలబడలేక ఆవిడ నా మీదికి ఆనుకున్నారు, మెల్లగా బరువంతా వదిలారు. నేను నిలబడ్డాను. బిషప్ గారి బొటనవేలు నుదుటి మీద అటూ ఇటూ కదిలింది. తైలం వాసన ముక్కుకు తగిలింది. సాంబ్రాణి కాదు, అత్తరు కాదు, దేనితో పోల్చాలో తెలియలేదు. సమాధానం, అంటే శాంతి, నీతో ఉండుగాక అని చెప్పి బిషప్ గారు ముందుకు కదిలారు. ఏడుపు వస్తుందనుకున్నాను కానీ రాలేదు. లోపల ఏదో సర్దుకుని నిలబడినట్టు ఉంది. అదే సమయంలో తలుపు పక్కన కుర్చీ కూడా గుర్తుంది. రెండూ ఒకేసారి ఉండటం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

భోజనాలు కాగానే పాపను తీసుకుని ధూల్‌పేట్ వెళ్ళాను. ఇద్దరి నుదుళ్ళ మీదా తైలం ఇంకా మెరుస్తోంది. చవితికి విగ్రహాలు కొనేవాళ్ళతో గల్లీ అంతా లొల్లి. బాపు కార్ఖానా ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. ఆయన నన్ను చూసి లేవడం నేనెప్పుడూ చూడలేదు. భుజం మీది తువ్వాలతో స్టూలు తుడిచాడు.

"కూసోండ్రి" అన్నాడు.

నా వెనక ఎవరొచ్చారా అని తిరిగి చూశాను. పాప నవ్వి, తాతా, అమ్మే వచ్చింది అంది. నేను ఒక అడుగు దగ్గరికి వేశాను. బాపు ఒక అడుగు వెనక్కి వేసి చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

ఎందుకు రాలేదని అడిగాను.

"నా పని నిన్ననే అయిపాయె. మీరే చెప్తిరి గద, కండ్లు తెరుస్తరని. తెరిచినంక చేసినోడు ముట్టొద్దు."

అప్పుడు తెలిసింది. నిన్నటి ఆ చేతులు ఇవాళ్టికి ముందుమాట కాదు, సెలవు తీసుకోవడం. నేను అందంగా కుదిరిందనుకున్న పోలికను ఆయన నాకంటే గట్టిగా నమ్మాడు. గుడిలో కూర్చున్నవాళ్ళలో ఎంతమంది ఆ సంస్కారానికి అంత మర్యాద ఇచ్చి ఉంటారు? కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు చోటు లేదు.

"నేను విగ్రహాన్ని గాదు బాపూ."

"ఎరికే. మట్టి బొమ్మకే గంత మర్యాద ఇస్తిమి, మనిషికి ఇయ్యొద్దా?"

పాప అప్పటికే తాత దగ్గరికి పోయి, చేతిలో ఉన్న గుడి స్వీటు ప్యాకెట్ చూపిస్తోంది. బాపు వెనక్కి కట్టిన చేతుల్లోంచి ఒకటి తీసి దాని జడ సవరించాడు. నేను చూశాను. దానికి కూడా ఇయ్యాల్నే కండ్లు తెరిచిండ్రు, మరి దాన్నెట్ల ముడుతున్నవు అన్నాను.

"దాన్ని నేను చేసిన్నా ఏంది? చేసినదానివి నువ్వు. నువ్వు ముట్టొద్దు."

చెప్పిన తర్వాత తన మాట తనకే వింతగా తోచినట్టుంది, చూపు పక్కకు తిప్పుకున్నాడు.

నేను పాప దగ్గరికి వెళ్ళి దాని నెత్తి మీద నా చెయ్యి పెట్టాను. బాపు ముందు, గిరాకీల ముందు, కళ్ళు దిద్దిన వినాయకుల ముందు, పెట్టి అలాగే ఉంచాను. పాప కదలకుండా నిలబడింది. దానికి ఏం అర్థమైందో నాకు తెలియదు. బాపు నా చేతి వైపు చూస్తూ ఉండిపోయాడు.

"భయమైతలేదా?" అన్నాడు.

"అయితుంది బాపూ. గందుకే గద నూనె పెట్టిచ్చుకున్న."

గిరాకీ ఎవరో పిలిస్తే బాపు లోపలికి వెళ్ళాడు. వానొచ్చేటట్టుంది, ఇంటికి పొమ్మని అన్నతో చెప్పి పంపాడు.

చవితి అయిపోయింది. కార్ఖానా ఖాళీ అయింది. మూల నిలబెట్టిన వెదురు బొంగులు, చినిగిన పట్టాలు తప్ప ఏమీ లేవు. ఆదివారాలు పూజ అయ్యాక నేను వెళ్తూనే ఉన్నాను. బాపు ఇప్పుడు లేచి నిలబడటం లేదు. చాయ్ తెప్పిస్తాడు. గుడిలో ఏం చెప్పారని ఒకసారి అడిగాడు, నేను చెప్పాను, చివరి దాకా విన్నాడు. ఆయన చెయ్యి నేనే పట్టుకుని నెత్తి మీద పెట్టుకోవచ్చు. ఆ బలం నాకు ఉంది. కానీ అలా తెచ్చుకున్నది నేను కోరుకున్నది కాదు. అందుకని స్టూలు ఆయనకు దగ్గరగా జరుపుకుని కూర్చుంటాను, చెయ్యి చాపితే నా తల అందేంత దగ్గరగా. మాట్లాడుతూ చాయ్ తాగుతాం. గ్లాసు కింద పెట్టినప్పుడల్లా ఆయన చేతుల వైపు చూస్తాను.